పెడల్ తొక్కిన మాట

దర్జీ దుకాణం మేడమీది గదిలో టెలిఫోనమ్మ ఇంగ్లీషు చెబుతుంది. ముప్పై ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ముఖాలు చూడకుండా గొంతులే విన్న మనిషి. ఎవరైనా నోరు తెరిస్తే చాలు, ఏ మాట నొక్కారో, ఏది మింగేశారో ఇట్టే పట్టేస్తుంది.

ఆమెకి కొరకరాని కొయ్య కింది దుకాణంలో కుట్టే అమ్మాయి. ఏ మాటా నొక్కకుండా ఇంగ్లీషు వాక్యాన్ని ఇస్త్రీ గుడ్డలా చదును చేసేది. ఇంతకుముందు ఒక హోటల్లో సిబ్బంది దుస్తులు కుట్టే ఉద్యోగానికి తను కుట్టిన కోటు పట్టుకెళ్ళింది. దీన్ని ఎవరు కత్తిరించారని అడిగారు. "ఐ కట్ ఇట్" అంది, పాఠం అప్పజెప్పినట్టు. వాళ్ళు నమ్మలేదు. సోమవారం ఇంకో హోటల్లో ఇంటర్వ్యూ. అదీ పోతే మళ్ళీ ఎక్కడా ఉద్యోగం అడగనని ఒట్టేసుకుంది.

"కోటు వాళ్ళ కళ్ళముందే ఉంది. కత్తిరించారనీ తెలుసు. తెలియనిది ఎవరన్నదే. బరువు దానిమీద పెట్టవే తల్లీ!"

"పెడుతున్నానుగా అమ్మా."

"ఏదీ? ఈగ వాలినంత బరువైనా లేదు!"

ఆదివారం టెలిఫోనమ్మే మెట్లు దిగి మిషను పక్కన కూర్చుంది. "ముఖ్యమైన మాట రాగానే పెడల్ తొక్కు."

అమ్మాయి "ఐ" అంటూ తొక్కింది. మిషను గర్రుమంది, గొంతూ లేచింది. ఏం కత్తిరించావంటే "కోట్" దగ్గర తొక్కింది. ఎప్పుడంటే "యస్టర్‌డే" దగ్గర. సాయంత్రానికి పాదం ముందు, గొంతు వెనక.

"అక్కడ మిషను ఉండదుగా అమ్మా?"

"నేల ఉంటుందిగా!"

సోమవారం టెలిఫోనమ్మ కాలుగాలిన పిల్లిలా కిటికీకీ గుమ్మానికీ తిరిగింది. మధ్యాహ్నం అమ్మాయి వచ్చి కుర్చీలో కూలబడింది.

"పోయిందా?"

"మేనేజరమ్మ కాలు పోయింది! బల్ల కింద ఆవిడ పాదం ఉందని నాకేం తెలుసు? కోటు ఎవరు కత్తిరించారంది. 'ఐ' అని ఒక్క తొక్కు తొక్కాను. కెవ్వుమంది!"

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది. తర్వాత?"

"పెడల్ సంగతంతా చెప్పేశాను. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది. 'ఈ కాలు మిషను మీద పెరిగిందే, కోటు నీదే' అంది. ఒకటో తారీఖున చేరమంది."

టెలిఫోనమ్మ ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుని అమ్మాయి బుగ్గలు పుణికింది. అయినా టీచరు టీచరే.

"ఉద్యోగం ఎవరికొచ్చింది? ఇంగ్లీషులో చెప్పు."

"ఐ..." అంటూ అమ్మాయి పాదం లేపింది.

టెలిఫోనమ్మ గబుక్కున రెండు కాళ్ళూ కుర్చీమీదికి లాక్కుంది.