లైను తెగే చోటు

మొన్న ఆఫీసు గోదాము సర్దుతుంటే ఫోన్ తీగ మీద కంప్యూటర్లను కలిపే రెండు పాత మోడెంలు బయటపడ్డాయి. పనిచేస్తాయేమో చూద్దామని మా ఇంజనీర్లు వాటిని ఒకదానితో ఒకటి కలిపారు. ముందు సన్నటి ఈల వినిపించింది. తర్వాత రెండు గొంతులు ఒకేసారి అరుచుకుంటున్నట్టు గరగర. వాళ్ళు చెవులు మూసుకుని నవ్వారు. నాకు మాత్రం ఆండాళు గారు గుర్తొచ్చారు. ఆ గోల వింటూ కళ్ళు మూసుకుని, "లైను పట్టుకునిందిమా, పట్టుకునింది" అనే ఆమె గొంతు మళ్ళీ విన్నట్టయింది.

ఎనభైల చివరి రోజులవి. పుదుచ్చేరి బజారులో ఒక తెలుగు కుటుంబం మందుల టోకు వ్యాపారం చేసేది. యజమానిని అందరూ మొదలాళి అనేవారు. అక్కడి కంప్యూటర్ గదికి ఆండాళు గారే పెద్ద. నేను చదువు ముగించి, ఉప్పళం నుంచి సైకిల్ మీద వచ్చి ఆమె దగ్గర చేరాను. ఆమె ఇంట్లో తెలుగు, బజారులో తమిళం, కంప్యూటర్ ముందు ఇంగ్లీషు మాట్లాడేవారు. తెలుగు లిపి రాదు కాబట్టి, నేనిప్పుడు రాస్తున్నది ఆమె ముందు పెట్టినా ఎవరైనా చదివి వినిపించాల్సి వచ్చేది. ఓపిగ్గా వినేవారు, మధ్యలో తప్పులు కూడా దిద్దేవారు.

పుదుచ్చేరికి బస్సు దూరంలో ఉన్న బాహూరులో మా శాఖ అంటే కస్తూరి ఒక్కతే. చిన్నప్పుడు పోలియో వచ్చి ఒక కాలు చచ్చుబడింది. బస్సెక్కడం కష్టమని ఇంటి ముందుగదినే ఆఫీసు చేసుకుని, చుట్టుపక్కల ఊళ్ళ మందుల దుకాణాల ఆర్డర్లు తీసుకునేది. సాయంత్రం ఫోన్ చేసి అవన్నీ చదివేది. లైనులో గాలి దుమారం లాంటి చప్పుడు. ఒకసారి ఆమె చెప్పిన గుండె మందు పేరు ఇక్కడ ఇంకోలా వినపడి, వేరే మందు వెళ్ళింది. దుకాణదారు చూసి ఆపబట్టి సరిపోయింది. మొదలాళి భయపడ్డారు. బాహూరు శాఖ మూసేద్దామన్నారు.

"తప్పు లైనుది, ఆ పిల్లది కాదు. ఈ వానాకాలం పోయేదాకా టైం ఇయ్యండి మొదలాళీ. ఆమె ఇంట్లోనే కంప్యూటర్ పెట్టి ఫోన్ తీగలోనే ఆర్డర్లు తెప్పిస్తాను. నోటితో చెప్పే పని లేకుండా చేస్తాను," అన్నారు ఆండాళు గారు. అంత ధీమాగా ఎలా అనగలిగారో నాకర్థం కాలేదు. అలాంటిది మా ఊళ్ళో ఎవరూ చేయగా మేము చూసి ఎరుగం.

పథకం గీసే పని నాకిచ్చారు. కష్టపడి శుభ్రంగా గీసి తెచ్చాను. అక్కడ కస్తూరి, ఇక్కడ మేము, మధ్యలో ఒక గీత. ఆండాళు గారు ఆ గీత మీద వేలు పెట్టారు.

"ఇది యాడ తెగుతాది?"

"తెగదు మేడం. తెగితే మళ్ళీ మొదట్నుంచి పంపిస్తుంది."

"అప్పుడు అంతకుముందు వచ్చిన ఆర్డర్లు రెండోసారీ వస్తాయి కదా. ఒక పెట్టె అడిగినోళ్ళకి రెండు పెట్టెలు పోతాయి. నువ్వు లైను బాగుండే రోజుకి గీసుండావు సుమతీ. రేపు బస్సెక్కు, పోదాం."

బాహూరు వెళ్ళి కస్తూరి గదిలో రోజంతా కూర్చున్నాం. గంటగంటకీ ఫోన్ ఎత్తి వినమన్నారు. మధ్యాహ్నం తేటగా ఉన్న లైను సాయంత్రానికి ముద్దగా అయిపోయింది. "మూడు నాలుగింటికి ఎక్స్చేంజిలో రద్దీ తక్కువక్కా. వాన పడితే మాత్రం ఎప్పుడైనా పోతాది," అంది కస్తూరి, మాకు కాఫీ ఇస్తూ. ఆండాళు గారు నా వైపు చూశారు. అందరూ ఆర్డర్లు చెప్పమని ఆ పిల్లను అడిగారుగానీ, లైను సంగతి అడిగినవాళ్ళు అంతకుముందు లేరు.

తిరుగు బస్సులోనే పథకం మారిపోయింది. పంపేది మూడు నాలుగింటికే. ప్రతి ఆర్డరుకూ ఒక సంఖ్య. అది అందిందని ఇక్కడి కంప్యూటర్ జవాబిచ్చాకే అక్కడిది తర్వాతి ఆర్డరు పంపుతుంది. లైను తెగితే ఆగిన చోటు నుంచే మొదలు. వినడానికి చిన్న సంగతి. ప్రోగ్రాం రాయడానికి నాకు వారాలు పట్టింది. విసుగొచ్చి నేను పెన్ను పడేసినప్పుడల్లా, "సరి, టీ తాగి రా" అనేవారు తప్ప, వదిలేయమని ఏనాడూ అనలేదు. ఈలోగా కస్తూరి ముందుగదికి కంప్యూటరూ మోడెమూ చేరాయి.

వానలు గట్టిగా పట్టిన రోజున మొదలాళి స్వయంగా గదిలోకొచ్చి నిలబడ్డారు. బాహూరు దారిలో అరియాంకుప్పం దాటి బస్సులు పోవడం లేదు. మోడెం అరిచింది, ఆర్డర్లు తెర మీద పడటం మొదలైంది. సగంలో లైను తెగింది. మళ్ళీ కలిసింది, మళ్ళీ తెగింది.

"ఏందమ్మా ఇది? చాలించండి," అన్నారు మొదలాళి.

"ఉండండి మొదలాళీ. తెగుతాదని తెలిసే కదా కట్టినాం," అన్నారు ఆండాళు గారు. కుర్చీలోంచి కదలనైనా లేదు.

మూడోసారి లైను కలిసింది. చివరగా అందిన ఆర్డరు తర్వాతిదే తెర మీదికొచ్చింది. అందులో పాముకాటు మందు ఉంది. పేరు, మోతాదు, ఏ దుకాణానికో, అక్షరం పొల్లుపోకుండా. వ్యాన్ విల్లియనూరు మీదుగా చుట్టుతిరిగి చీకటి పడకముందే బాహూరు చేరింది.

మొదలాళి ఆండాళు గారిని మెచ్చుకోబోయారు. ఆమె బాహూరుకు ఫోన్ కలిపి రిసీవర్ ఆయన చేతికిచ్చారు. "ఆ మాట కస్తూరికి చెప్పండి. లైను సంగతి నేర్పింది ఆమే," అన్నారు. శాఖ మూసే మాట ఆ గదిలో మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఆండాళు గారు పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు నా చేతి కింద కూడా పథకాలు గీసేవాళ్ళు ఉన్నారు. సంతకం పెట్టేముందు నేను ఆ పథకంలో అన్నిటికంటే దూరంగా ఉన్న ఊరికి బస్సెక్కుతాను. అక్కడ పనిచేసే మనిషి పక్కన కుర్చీ వేసుకుని, "మీకు ఎప్పుడెప్పుడు ఆగిపోతుంది?" అని అడుగుతాను. పట్నం నుంచి వచ్చినావిడ తప్పులు పట్టడానికి వచ్చిందనుకుని వాళ్ళు ముందు బిగుసుకుంటారు. నేను లేవకుండా కూర్చుంటాను. కాసేపటికి వాళ్ళు చెప్పడం మొదలుపెడతారు.