దుబాయిలో పెట్టిన గల్లా

ఖానాపూర్ బస్టాండు దగ్గర నాది మిర్చిబజ్జీల కొట్టు. పిండి కలిపేది నేను, నూనె చిట్లితే కాలేది నా చెయ్యి. డబ్బులు మాత్రం దుబాయిలో పడేవి.

దుబాయిలో పనిచేసే మా ఆయన సెలవు దొరికి చుట్టీకి వచ్చినప్పుడు కొట్టు ముందు స్కానర్ అంటించాడు. ఖాతా ఆయనది, నంబరు ఆయనది. చుట్టీ అయిపోగానే సిమ్ముతో సహా విమానమెక్కాడు. ఇక ఎవరు ఫోన్‌లో ఇరవై రూపాయలు కొట్టినా, పడ్డాయో లేదో నేను దుబాయికి ఫోన్ చేసి అడగాలి. ఆయన డ్యూటీలో ఉంటే ఎత్తడు. గిరాకీ అలాగే నిలబడి ఉంటుంది.

"గల్లా దుబాయిల పెట్టినవా అక్కా?" అని ఆటోవాళ్లు నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని గానీ లోపల మండేది. శనగపిండి కొనాలంటే నా బజ్జీల డబ్బు నేనే అడిగి పంపించుకోవాలి. సొమ్మొకరిది సోకొకరిది అన్నట్టు, ఆయన అక్కడ మెసేజ్‌లు చూసుకుని మురిసిపోయేవాడు.

ఒక అంగడి రోజు, సంతకు వచ్చిన ఒకామె పిల్లలకు బజ్జీలు కట్టించుకుని డబ్బు కొట్టింది. ఆయన ఫోన్ ఎత్తలేదు, కాస్త ఆగమన్నాను. అవతల ఆమె బస్సు కదులుతోంది. "కొట్టిన గదా, నేనేమన్న దొంగనా?" అని పొట్లం బల్ల మీదే పెట్టి వెళ్లిపోయింది. ఆ డబ్బు పడిందని సాయంత్రం తెలిసింది. సిగ్గుతో నాకు అన్నం దిగలేదు.

మర్నాడే, మహిళా సంఘం అప్పు కోసం ఎప్పుడో తెరిచిన నా ఖాతా పాస్‌బుక్ పట్టుకుని బ్యాంకుకు బయల్దేరాను. అత్తమ్మ గుమ్మంలో అడ్డం నిలబడింది.

"మొగని పేరు తీసేస్తవా?"

"పేరు బోర్డు మీద ఉండనీ అత్తమ్మా. పైసలు నా తాన పడనీ."

కొత్త స్కానర్‌తో పాటు, డబ్బు పడగానే పైకి చెప్పే డబ్బా కూడా వచ్చింది. తర్వాతి అంగడి రోజు పొద్దున పాత స్కానర్ పీకి కొత్తది అంటించాను. డబ్బా గొంతు చించుకుంటూనే ఉంది. ఒక్క గిరాకీ ఆగలేదు. బజ్జీలు వేయలేక చేతులు పడిపోతున్నా, నాకు పట్టరాని సంతోషం.

మధ్యాహ్నం ఆయన ఫోన్ చేశాడు. "ఇయ్యాల ఒక్క మెసేజ్ రాలే. దుకాణం తెరువలేదా? పానం బాగలేదా?"

నా ఒంట్లో ఎలా ఉందో అడిగేసరికి కాస్త కరిగాను. "బాగనే ఉన్న. దుకాణం మస్తు నడుస్తుంది. పైసలు నా ఖాతల పడుతున్నయి."

ఈలోగా డబ్బా ఇంకో నలభై రూపాయలు చెప్పింది.

"మరి ఎంత పడ్డదో నాకెట్ల తెలుస్తది?" అన్నాడు.

"ఫోన్ జేసి అడుగు," అన్నాను. "చేతులు ఖాళీగుంటె ఎత్తుత."