మామయ్య తోటా, ఇంగ్లీషువాడి ఊరగాయా

ఒక ఇంగ్లీషు మాటకున్న పాత అర్థం చెప్పినందుకు మా మేనమామ తన కూతుర్ని నాకివ్వనన్నాడు. అబద్ధం చెప్పినందుకు కాదు, నిజం చెప్పినందుకు. ఇది జరిగి యాభై ఏళ్ళు దాటినా నాకింకా మింగుడు పడలేదు.

ఇప్పుడు ఏ మాటకి అర్థం కావాలన్నా ఫోన్‌ని అడుగుతున్నారు. అప్పట్లో ఒక అర్థం దొరికిందంటే నలుగురికీ చెప్పేదాకా నిద్ర పట్టేది కాదు. నేను పదో తరగతి తప్పి, నూజివీడులో ఒక మామిడికాయల షెడ్డులో బుట్టలకి గడ్డి పరిచే పనిలో ఉన్నాను. మైలవరం పాతకాగితాల కొట్లో తూకానికి దొరికిన లావుపాటి ఇంగ్లీషు నిఘంటువే నా కాలేజీ. (మొదటి అక్షరం సగం చెదలు తినేసింది. ఆ అక్షరంతో మొదలయ్యే మాటల్లో నేనీనాటికీ కొంచెం వీకే.) అందులో మ్యాంగో దగ్గర రాసింది చదివి నాకు మతిపోయింది. మాట పుట్టింది మన దక్షిణాదిలోనే, తమిళ మలయాళాల వైపు. పోర్చుగీసువాళ్ళ నోటపడి ఇంగ్లీషు దాకా వెళ్ళింది. మాట వెళ్ళింది గానీ పండు వెళ్ళలేకపోయింది, అన్నాళ్ళ ఓడ ప్రయాణంలో కుళ్ళిపోయేది. ఉప్పూ మసాలా పట్టించి పీపాల్లో పంపిన కాయే చేరేది. దాంతో వాళ్ళకి మ్యాంగో అంటే ఊరగాయ అయి కూర్చుంది. ఆ తర్వాత దోసకాయ ఊరేసినా మ్యాంగోయే, ఖర్బూజా ఊరేసినా మ్యాంగోయే!

మామయ్య తోట ముసునూరులో. మరదలికీ నాకూ చిన్నప్పుడే అనుకున్న సంబంధం, పైగా నాకు ఆ పిల్లంటే ప్రాణం. తాంబూలాలు పుచ్చుకునే రోజు వసారాలో పెద్దలంతా కూర్చున్నారు. మామయ్య రసాలు పంచుతూ, "ఈ పండు రుచి చూశాకే తెల్లవాడు దీనికి మ్యాంగో అని పేరెట్టాడు" అన్నాడు. తప్పుని తప్పనకుండా ఎలా ఉండను?

"కాదు మామయ్యా, వాడు తిన్నది పండు కాదు. వాడి లెక్కలో మ్యాంగో అంటే ఊరగాయే" అన్నాను.

మా అమ్మ నా మోకాలు గిల్లింది. అంతకు వారం ముందే గాలిదుమారానికి మామయ్య తోటలో సగం కాయ రాలిపోయింది. రాలినదంతా ఊరగాయలవాళ్ళు వచ్చి వాళ్ళన్న రేటుకే ఎత్తుకుపోయారు. ఇంట్లో ఆ ఊసు ఎవరూ ఎత్తడం లేదు. (అది నాకూ తెలుసు. కానీ నిఘంటువుకీ గాలిదుమారానికీ ఏం సంబంధం?)

"ఏరా, నా కాయ ఊరగాయకి తప్ప పనికిరాదంటావా?"

"నేననడం లేదు మామయ్యా, పుస్తకంలో ఉంది" అని సంచిలోంచి నిఘంటువు తీశాను.

"తాంబూలాలకి పుస్తకం మోసుకొచ్చాడ్రా వీడు!" అన్నాడు పెద్దమనుషుల్లో ఒకాయన.

అత్తయ్య నన్ను గట్టెక్కించబోయింది. "పోనిద్దురూ, దోసకాయతో పెట్టినా మనం ఆవకాయే అంటాంగా. వాళ్ళూ అలాగే అనుంటారు." మామయ్య మొహం కాస్త మెత్తబడింది కూడా. కానీ పోలిక కుదరలేదు. "అది వేరత్తయ్యా. ఆవకాయలో ఆవ అంటే ఆవపిండి, కాయ ఏదైనా పరవాలేదు. ఇక్కడ కాయ పేరే వెళ్ళి..." అంటూ పేజీ తిప్పాను. అత్తయ్య లోపలికి వెళ్ళిపోయింది. మరదలు గుమ్మంలోకి వచ్చి నిలబడింది. నా తరఫున ఒక్క మాటంటుందేమోనని మధ్యమధ్యలో అటు చూస్తూనే ఉన్నాను. అనలేదు. నేను ఖర్బూజా దాకా వచ్చేసరికి మామయ్య తాంబూలం పళ్ళెం లోపల పెట్టించేశాడు.

"ఆ పుస్తకాన్నే చేసుకో అల్లుడూ" అన్నాడు. (అల్లుడూ అని పిలవడం అదే ఆఖరు.)

ఆ వేసవిలోనే మరదల్ని బాపులపాడు సంబంధానికిచ్చారు. తర్వాత నాకూ పెళ్ళయింది, పిల్లలూ మనవలూ వచ్చారు. మామయ్య మీద కోపం ఆయనతోనే పోయింది గానీ, మరదలి మీద మాత్రం అలాగే ఉండిపోయింది. కూతురు నోరు తెరిచి అడిగితే ఆయన దేనికీ కాదనేవాడు కాదు మరి. మొన్న చుట్టాల పెళ్ళిలో భోజనాల దగ్గర ఇద్దరం పక్కపక్కన పడ్డాం, తెల్ల తలలతో. ఇక ఉండబట్టలేక అడిగేశాను.

"ఆ రోజు అక్కడే నిలబడి కూడా నోరు విప్పలేదేం? ఒక్క మాట అంటే ఏం పోయింది?"

మరదలు టెంక విస్తట్లో పెట్టి, కొంగుతో మూతి తుడుచుకుని నవ్వింది.

"విప్పుదామనే వచ్చాను బావా. నువ్వు ఆపితేగా!"