వంకాయ మీద వేసిన నింద

ఏడేళ్లు ఒక వంకాయ బరువు మోశాను. నవ్వండి, ఫరవాలేదు. నా అంత తెలివితక్కువవాడు జహీరాబాద్‌లో మరొకడు ఉంటాడనుకోను.

నాకు సోరియాసిస్. మోచేతుల మీద ఎర్రటి మచ్చలు, వాటి మీద తెల్లటి పొట్టు. మే నెల ఎండల్లోనూ మా పరుపు మీద మంచు కురిసేది. ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో ఎంత ఉక్కపోసినా నిండుచేతుల చొక్కా విప్పేవాణ్ని కాదు.

చర్మం డాక్టరు సూటిగా చెప్పాడు: రోజూ మందు రాయాలి, స్నానం కాగానే ఒళ్లు ఆరకముందే క్రీమ్ పట్టించాలి, గోకకూడదు, సిగరెట్ మానాలి. మా ఇంటిల్లిపాదీ వంకాయనే అనుమానిస్తున్నారని చెప్పాను. "పాపం, దాన్నెందుకంటారు? మీ సమస్య జేబులో ఉంది" అన్నాడు.

జేబులో ఉన్నది పెళ్లికి ముందే మానేశానని మా ఆవిడకు ఒట్టేసి ఉన్నాను. ఆమె బయట మందుల షాపు దగ్గర నిలబడి ఉంది.

"ఏమన్నడు?"

"వంకాయ బంద్ చెయ్యమన్నడు."

"గంతేనా? ఫికర్ చెయ్యకు. నీకు పథ్యమైతే నాకూ పథ్యమే. నేను గూడ తిన."

వంకాయంటే ఆమెకు ప్రాణం. అప్పుడైనా ఎందుకు నోరు విప్పలేదు? భయమా? భయమైతే ఒక నెల ఉంటుంది. ఆ తర్వాత ఉన్నదంతా సౌకర్యమే. నేను ఫ్యాక్టరీ వెనక పొగ వదిలి వస్తే, మచ్చలు రేగినప్పుడల్లా ఆమె, ఏ కూరలో ఏం కలిసిందోనని తనను తానే తిట్టుకునేది.

కిందటేడు సిగరెట్ నిజంగానే మానాను. మందు పూట తప్పకుండా రాశాను. జబ్బు పూర్తిగా పోదన్నాడు డాక్టరు, పోలేదు. కానీ పొట్టు రాలడం తగ్గింది, పొట్టిచేతుల చొక్కా ఎక్కింది! ఆమె సంబరం చూడాలి. "వంకాయ మానితే ఎట్ల తగ్గిందో చూసిన్రా!" అని వాడంతా చెప్పింది. ఒళ్లు బాగుపడింది గానీ, ఆమె ముందు మొహం చెల్లలేదు.

మొన్న కోహీర్‌లో పెళ్లి విందు. గుత్తివంకాయ వడ్డిస్తుంటే ఆమె విస్తరికి చెయ్యి అడ్డం పెట్టింది. నాలో ఏడేళ్లుగా దాక్కున్న ఆ అబద్ధాలకోరు మీద నాకు ఒళ్లు మండింది. ఈసారి దురద వల్ల కాదు. లేచి నిలబడి, ఆమె ముగ్గురు అక్కలూ వినేలా, సిగరెట్లతో సహా అంతా చెప్పేశాను.

ఆమె పర్వాలేదనలేదు. నా వైపు చూడనూ లేదు. విస్తరి మీంచి చెయ్యి మాత్రం తీసింది.

అక్కలు అందుకున్నారు. వాళ్లకు దొరికినవాడు బతికి బట్టకట్టడం కష్టం, నాకు ముందే తెలుసు. అందుకే కదా ఆ అబద్ధాలకోరును తీసుకెళ్లి వాళ్ల మధ్యలో నిలబెట్టాను.