మంట తగ్గింది

అరికాళ్ళ మంట అంటే ఏమిటో ఎరగనివాళ్ళే నాకు ఎక్కువ మందులు చెప్పారు. ఉప్పల్ చౌరస్తాలో నా ఆటో ఎక్కి నాచారంలో దిగేలోపు ఒకడు పిత్తం అనేవాడు, ఇంకొకడు వాతం అనేవాడు, మూడోవాడు గోరింటాకు రుద్దమనేవాడు. కిరాయి దగ్గర గొణిగేవాళ్ళు కూడా మందు మాత్రం ఊరికే చెప్పేవాళ్ళు. నోరు మూసుకుని కూర్చోమని నేను ఎంతమందిని అన్నానో లెక్కలేదు. అయినా చెప్పేవాళ్ళు.

ఉప్పల్ నుంచి నాచారం మీదుగా మల్లాపూర్ దాకా నాది షేర్ ఆటో. ఎక్కేవాళ్ళలో ఎక్కువమంది ఫ్యాక్టరీల షిఫ్టు జనం. చెప్పులు సీటు కిందికి తోసి వట్టికాళ్ళతో నడపడం నాకు మొదటి నుంచీ అలవాటు. నేనే కాదు, నాతోపాటు లైన్లో నిలబడే ఆటోవాళ్ళు చాలామంది అంతే. బ్రేకు ఎంత తొక్కాలో అరికాలికే తెలియాలి, మధ్యలో చెప్పు ఎందుకు? అన్నేళ్ళు నా బండి ఆగింది నా అరికాలి తెలివితో.

ఆ అరికాలికే రోగం వచ్చింది. మొదట చెప్పులో ఇసుక పడినట్టు ఉండేది. దులిపితే ఇసుక లేదు. తరువాత చీమలు పాకినట్టు. ఆ తరువాత పచ్చిమిరపకాయ నూరి పట్టించినట్టు మంట. దుప్పటి అంచు తగిలినా ఓర్వలేకపోయేవాణ్ణి. మా గల్లీలో సూదులు వేసే డాక్టరు రక్తం పరీక్ష చేయించి, "మామా, నీకు షుగరున్నది" అన్నాడు. గోలీలు రాశాడు. ఒక ఎర్ర సూది కూడా వేసేవాడు. సూది వేసిన రోజు బాగున్నట్టు అనిపించేది, మర్నాడు మళ్ళీ అంతే. అడిగితే, "ఇంకో సూదేద్దం మామా" అనేవాడు. అతని దగ్గర వేరే మాట ఉండేది కాదు.

ఇక్కడ నా చదువు సంగతి చెప్పాలి. నేను అక్షరాలు నేర్చింది నలభై దాటాక, బస్తీలో సాయంత్రం పూట పెట్టిన క్లాసులో. అప్పటి నుంచి కనబడిన బోర్డల్లా చదివేవాణ్ణి. చిన్నప్పుడే చదువుకున్నవాడికి రాసిందాంట్లో అబద్ధం ఉంటుందని తెలుసు. వాడు బడిలోనే గోడల మీద అబద్ధాలు రాసి ఉంటాడు. నాలాగా ముదిరిపోయాక నేర్చినవాడు అట్లా కాదు. పెయింటుతో రాసి మేకులు కొట్టారంటే నిజమే అయి ఉంటుందనుకుంటాడు.

అంబర్‌పేట్‌లో ఒక సందు మొగలో ఆ బోర్డు కనబడింది. 'అరికాళ్ళ మంటలు, తిమ్మిర్లు, సూదులు గుచ్చినట్టు పోట్లు, చీమలు పాకినట్టు ఉండుట. నరములకు శాశ్వత పరిష్కారము.' బండి పక్కకు ఆపి రెండోసారి చదివాను. నా కాళ్ళ గురించి నాకంటే బాగా రాశాడు. ఇంత తెలిసినవాడికి మందు తెలియదా అనుకున్నాను.

లోపల నరాల వైద్యుడు చాప మీద కూర్చుని ఉన్నాడు. వెనక గోడకు వాళ్ళ తాత ఫోటో, దానికి దండ. నా పిక్క మీద బొటనవేలితో నొక్కి కళ్ళు మూసుకున్నాడు.

"గోలీలు మింగుతున్నవా పెద్దాయనా?"

"షుగరుకు మింగుతున్న."

"అందుకే! ఆ గోలీలే నీ నరాలను తింటున్నయి. బంద్ జెయ్. ఈ నూనె రుద్ది, ఆముదపాకు సుట్టి, ఇటుక కాపడం వెట్టు. మంట తగ్గకపోతే నా పేరు మార్చుకుంట."

ఇంటికి వచ్చి గోలీల డబ్బా అటక మీదికి విసిరేశాను. నా భార్య నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"గోలీలు బంద్ జేసుడేందయ్యా? ఎవడు జెప్పిండు?"

"నరాల వైద్యుడు. బోర్డు మీద అంత రాసిండు, సూడుపో."

"రాసుడు నీకు గూడ వస్తది గదా ఇప్పుడు. నువ్వు రాసేదంత నిజమేనా?"

ఆమెకు చదువు రాదు. చదువు రానిదానివి నీకేం తెలుసు అన్నాను. ఆమె ఇటుక కాల్చి ఇచ్చింది కానీ కొన్నాళ్ళు నాతో మాట్లాడటం మానేసింది.

కొన్ని నెలలకు మంట తగ్గింది. నిజంగానే తగ్గింది. ముందు కుడికాలు చల్లబడింది. దుప్పటి తగిలినా ఏమీ అనిపించేది కాదు. ఎడమకాలు ఇంకా కొంచెం మండేది, అదీ తగ్గుతుందనుకున్నాను. నేను కొబ్బరికాయ, శాలువా పట్టుకుని అంబర్‌పేట్ వెళ్ళి ఆ మనిషికి కప్పి వచ్చాను. అంతటితో ఊరుకోలేదు. బండ్ల మీద అక్షరాలు రాసేవాడి దగ్గర బ్రష్షు తీసుకుని ఆటో వెనక నా చేత్తో నేనే రాశాను: 'కాళ్ళ మంటకు అంబర్‌పేట్ నరాల వైద్యం. నాకు తగ్గింది. మీకూ తగ్గును.' నేను సొంతంగా రాసి నలుగురు చదివిన మొదటి మాట అదే. సిగ్నల్ దగ్గర వెనక బండివాళ్ళు దాన్ని చదువుతుంటే అద్దంలో చూసి సంతోషపడేవాణ్ణి. చిరునామా అడిగి రాసుకున్నవాళ్ళు కూడా ఉన్నారు.

ఒక ఆదివారం పొద్దున అలవాటుగా ఇటుక మీద కుడికాలు పెట్టుకుని చాయ్ తాగుతున్నాను. నా భార్య వంట దగ్గర నుంచి ముక్కు ఎగబీల్చుకుంటూ వచ్చింది.

"ఏందా వాసన? తోలు మాడినట్టున్నది."

"పక్కింటోళ్ళు కోడిని కాలుస్తున్నరేమో."

ఆమె కిందికి చూసి కెవ్వున అరిచింది. "నీ మడిమెయ్యా! నీ మడిమె మాడుతుంది!"

ఆకు జారిపోయి ఉంది. మడమ నేరుగా ఇటుక మీద ఉంది. తీసి చూస్తే తోలు ఇటుకకు అంటుకుని వచ్చింది. నాకు చీమ కుట్టినంత కూడా తెలియలేదు. చాయ్ గ్లాసు ఇంకా చేతిలోనే ఉంది.

వైద్యుడి దగ్గరికి వెళితే దూరం నుంచే చూసి, "ఇటుక అంత గరం ఎవడు జెయ్యమన్నడు? మంట తగ్గిందా లేదా? నా పని మంట తగ్గిచ్చుడు. పుండు నా పని గాదు" అన్నాడు. నేను కప్పిన శాలువా వాడి చాప మీదే మడిచి ఉంది. దాన్ని లాక్కుని వచ్చాను. కొట్టి ఉండాల్సింది. కుంటికాలితో కొట్టబోతే పడిపోతానని ఊరుకున్నాను.

పుండు మానలేదు. నా భార్య సర్కారు పెద్ద దవాఖానాకు లాక్కుపోయింది. తెలంగాణ కోసం బందులు జరుగుతున్న రోజులు. రెండు గంటలు లైన్లో నిలబడ్డాక లోపల చూస్తే ఆంధ్ర మాట మాట్లాడే డాక్టరమ్మ. నా మొహం చూసే ఆమెకు అర్థమై ఉంటుంది, నాకు ఆమె నచ్చలేదని. ఆమెకూ నేను నచ్చలేదు.

"కాలు పైన పెట్టండి."

డాక్టరు ముందు కాలు చాపడం ఏమిటని వెనక్కి తీసుకున్నాను. ఆమె తనే వంగి పట్టుకుని స్టూలు మీద పెట్టింది. ఇన్నాళ్ళు ఇంతమందికి చూపించుకున్నాను, అరికాలు తిప్పి చూసింది ఆమె ఒక్కతే. చేతిలో చేపల గాలానికి కట్టే దారంలాంటిది ఉంది.

"కళ్ళు మూసుకోండి. దారం తగిలినప్పుడల్లా చెప్పండి."

తెలియదంటే ఆటో నడపొద్దంటారని నాకు అనుమానం. కళ్ళు మూసుకుని, "తెలుస్తుంది" అన్నాను. కాసేపు ఆగి మళ్ళీ "తెలుస్తుంది" అన్నాను. లెక్కగా, ఆగి ఆగి, నిజమనిపించేలా చెప్పుకుంటూ పోయాను.

"నేనింకా ముట్టుకోలేదండీ" అంది.

నా భార్య పక్కనే కిసుక్కున నవ్వింది. ఆ నవ్వుకు నాకు ఒళ్ళు మండిపోయింది.

"మంట తగ్గి ఎన్నాళ్ళయింది?"

"మస్తు రోజులైంది. వైద్యంతోని తగ్గింది."

"తగ్గలేదు. షుగరు గోలీలు మానేశారని మీ ఆవిడ చెప్పింది. మంటగా ఉందని కబురు చెప్పే నరమే చచ్చిపోయింది. కుడికాలిలో దాదాపు ఏమీ మిగల్లేదు. ఎడమకాలిలో కొంత ఉంది. ఏం పని చేస్తారు?"

నేను గోడ మీది బోర్డు చదువుతున్నట్టు తల తిప్పుకున్నాను.

"ఆటో నడుపుతడు మేడం," అంది నా భార్య.

"బ్రేకు ఏ కాలితో వేస్తారు?"

"కుడికాలే మేడం."

"నడపకండి."

"నడపకపోతే నువ్వు తిండి వెడ్తవా?" అన్నాను. డాక్టరమ్మ కోపం తెచ్చుకోలేదు, జాలి కూడా పడలేదు. పుండుకు కట్టు, షుగరుకు గోలీలు, ఎడమకాలి మంటకు పడుకునేముందు వేసుకునే గోలీ రాసింది. "రోజూ అరికాళ్ళు చూసుకోండి. వట్టికాళ్ళతో నడవొద్దు. కాపడం అసలొద్దు" అని తరువాతి మనిషిని పిలిచింది.

ఇంటికి వచ్చాక ఇంటి ముందు నిలిపి ఉన్న ఆటో ఎక్కి కూర్చున్నాను. నా భార్య పక్కన నిలబడి వంగి చూస్తోంది. నేను ముందుకు, రోడ్డు వైపే చూస్తూ కాలు చాపాను.

"వెట్టిన. సూడు, బ్రేకు మీదనే ఉన్నది."

"లేదయ్యా."

"మంచిగ సూడు."

"బ్రేకు పక్కకున్నది. నేల తొక్కుతున్నవ్."

వంగి చూశాను. నేలే తొక్కుతున్నాను. అలా ఎన్ని రోజుల నుంచి జనాన్ని ఎక్కించుకుని తిరిగానో, ఉప్పల్ చౌరస్తాలో ఎవరు నా బండి ముందు నుంచి దాటి బతికిపోయారో నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా లేదు.

బండి అమ్మకానికి పెట్టే ముందు వెనక రాసిందాన్ని బ్లేడుతో గీకాను. నా చేతి రాత నేనే గీకుతుంటే గల్లీవాడొకడు వచ్చి, "ఎందుకన్న, మంచిగుండె గదా" అన్నాడు. వాణ్ణి ఏమన్నానో ఇక్కడ రాయను. పక్క అద్దం మాత్రం విప్పుకుని ఉంచుకున్నాను. రోజూ పొద్దున దాన్ని కాలి కింద పెట్టి చూసుకుంటాను. వెనక బండ్లు కనబడే అద్దంలో ఇప్పుడు నా మడమ కనబడుతుంది. పుండు మానింది కానీ అక్కడ తోలు ఇప్పటికీ నాది కాదనిపిస్తుంది.

తెలంగాణ వచ్చింది. నా కాలు రాలేదు. ఇప్పుడు నాచారంలో పాన్ డబ్బా ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటాను. సలహాలు చెప్పేవాళ్ళు అక్కడికీ వస్తారు. ఎడమకాలు ఇంకా మండుతుంది. గోలీ వేసుకుంటే కొంత మెత్తబడుతుంది, పోదు. మొన్న ఒకడు స్టూలు లాక్కుని కూర్చుని, "తాతా, మా దిక్కు ఒకాయన ఉన్నడు, మంట మొత్తమే తీసేస్తడు" అన్నాడు.

"తీసేస్తే నీ కాళ్ళు ఇరగ్గొడత" అన్నాను.

వాడికి అర్థం కాలేదు. వాడికి అర్థమయ్యేలా చెప్పే ఓపిక నాకు లేదు. మండుతున్నంత కాలం అది నా కాలు.