నిన్నటి పాత విద్యార్థిని

నా చిన్నప్పుడు, న్యూజెర్సీలో మా వీధి చివరనున్న ఎర్ర ఇటుకల బడిని మూసేస్తున్నారని తెలిసిన వారం, మా క్లాసులో ఏడుపులకన్నా హడావుడే ఎక్కువ. ఆఖరి రోజున పెద్ద ఫొటో తీస్తారట! ప్రతి పిల్లా, పిల్లాడూ ఇంట్లో ఆ బడిలోనే చదువుకున్న పెద్దవాళ్ళను పక్కన నిలబెట్టుకోవాలట. ఒకడికి తాత ఉన్నాడు, ఇంకొకదానికి అమ్మా, మేనత్తా కూడా ఉన్నారు. మా నాన్న డాక్టరుగా ఆ ఊరొచ్చి ఏడాదైనా కాలేదు. మరి నాకెవరున్నారు? ఇంటికొచ్చి సంచీ విసిరికొట్టి, నేనా ఫొటోలో ఉండనని భోరుమన్నాను.

మమ్మల్ని చూడ్డానికి గుంటూరు నుంచి వచ్చిన మా నాయనమ్మ అంతా విని, "ఓసి పిచ్చిమొహమా! ఫొటో ఎప్పుడే?" అంది. ఎల్లుండన్నాను.

"ఇంకేం మరి! రేపు నేనూ నీతో వచ్చి చదువుకుంటా. ఎల్లుండికి పాత స్టూడెంటునేగా!"

అమ్మ పకపకా నవ్వింది. నేను మాత్రం హడలిపోయాను. నాయనమ్మకు ఇంగ్లీషు ముక్క రాదు. అసలు ఏ బడి గడపా తొక్కిన మనిషే కాదు.

మర్నాడు పట్టుచీర కట్టి, డబ్బాలో పులిహోర పెట్టుకుని వచ్చి, నా పక్కన చిన్న కుర్చీలో సర్దుకుని కూర్చుంది. నేను భయం భయంగా సంగతి చెబితే మా టీచరమ్మ పడీ పడీ నవ్వి, హాజరులో ఆవిడ పేరు కూడా పిలిచింది. దారిలో నేను నేర్పిన ఒకే ఒక్క మాటను నాయనమ్మ చెయ్యెత్తి మరీ అరిచింది, "ప్రెజెంట్!" అబ్బో, ఆ చప్పట్లు! లెక్కల గంటలో వేళ్ళ కణుపులు లెక్కపెట్టి నాకన్నా ముందే జవాబు చెప్పింది. స్పెల్లింగు గంటలో హాయిగా కునుకు తీసింది.

ఫొటో రోజున ప్రిన్సిపాల్ గారు ఆవిణ్ణి చూసి, మీరిక్కడ ఎప్పుడు చదువుకున్నారని అడిగారు. నేను తెలుగులో చెప్పగానే నాయనమ్మ తడుముకోకుండా "నిన్న!" అంది. నేను సిగ్గుపడుతూనే "యెస్టర్‌డే" అన్నాను. ఆయన గట్టిగా నవ్వేసి, ఆవిడకు ముందు వరసలో కుర్చీ వేయించారు. ఆవిడ పక్కన నిలబడ్డప్పుడు నేనెంత పొంగిపోయానో! గుంటూరు వెళ్ళాక కూడా అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ తాను అమెరికాలో చదువుకున్నాననే చెప్పేదట.

ఆ బడి ఇప్పుడు అపార్ట్‌మెంట్లయింది. కింద హాల్లో ఆ ఫొటో ఇంకా ఉంది, అందులో మా నాయనమ్మ పట్టుచీరలో దర్జాగా ఉంది. కొత్త ఊళ్ళోనో, కొత్త ఆఫీసులోనో "ఇక్కడ నాకెవరున్నారు" అనిపించినప్పుడల్లా నేను చేసేది ఒక్కటే. గబగబా లోపలికి వెళ్ళి కూర్చుంటాను. రేపటికల్లా పాతదాన్నే కదా!