తలుపుకి అంటించిన కాగితం

రాసుకోరా కన్నా. నేను సౌదీలో పనిచేసే రోజుల్లో, రియాద్ వెళ్ళే బస్సులో నా పక్కన ఓ కెన్యా అమ్మాయి కూర్చుంది. నాలాగే ఇళ్ళల్లో పనికొచ్చింది. ఫోన్లో ఓ కాగితం ఫొటో చూపించి, వచ్చీరాని అరబ్బీలో చెప్పింది. వాళ్ళ దేశంలో ఓట్లు బూత్‌లోనే లెక్కపెట్టి, పార్టీల ఏజెంట్ల చేత సంతకాలు పెట్టించి, ఆ కాగితం తలుపుకే అంటిస్తారంట.

"మాకైతే మిషన్లు లారీలెక్కించి ఎక్కడికో పట్టుకుపోతారే!" అన్నాను. నవ్వింది.

"ఇది మా ఆయన సంతకం, ఖాలా," అంది. ఖాలా అంటే పిన్నీ అని. "ఏజెంటుగా కూర్చున్నాడు. ఇది పెట్టి బయటికెళ్ళాడు, మళ్ళీ కనిపించలేదు."

ఫోన్ సంచిలో పెట్టుకుంది.

"ఈసారి ఆ కుర్చీలో నేను కూర్చుంటా. అందుకే విమానమెక్కి ఇంటికెళ్తున్నా."

వెళ్ళమనలేకపోయాను, వద్దనలేకపోయాను. చేతిలో నాలుగు ఖర్జూరాలు పెట్టాను.

ఇప్పటికీ ఆ దేశం ఓట్ల వార్తలొస్తే టీవీ కట్టేస్తాను. మీ అమ్మేమో, "నీకు రాజకీయాలు పడవులే" అంటుంది.